పాపని చూసుకుంటున్నానని చెప్పడానికి సిగ్గెందుకు?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నా భార్యకి భీమవరంలో బ్యాంకు ఉద్యోగం. నేను రొయ్యల మేత కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. తన ప్రసూతి సెలవు అయిపోయాక పాపని చూసేవాళ్ళు లేక నేనే మానేశాను. పాపకి ఇప్పుడు ఏడాదిన్నర. "పెళ్ళాం సంపాదిస్తుంటే నీకేంట్రా" అని సెంటర్లో ఎగతాళి. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెబుతున్నాను. ఖర్చులకి ఆవిడని అడగాలంటే నోరు రావడం లేదు. పాప రాత్రి లేస్తే నన్నే వెతుక్కుంటుంది, అది చూసి ఆవిడ ఏడుస్తుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ వర్క్ ఫ్రమ్ హోమ్ అబద్ధం మానెయ్యండి. ఒకసారి అన్నాక ఏ కంపెనీ, జీతమెంత, పిల్లని ఎత్తుకుని ఫోన్లెలా మాట్లాడతావ్ అని అడుగుతూనే ఉంటారు, మీరు అల్లుతూనే ఉండాలి, చివరికి దగ్గరివాళ్ళ పెళ్ళికి వెళ్ళాలన్నా టెన్షనే. "పాపని నేనే చూసుకుంటున్నానండి, మా ఆవిడది ఉద్యోగం" అనెయ్యండి, అంతే. నాలుగు రోజులు నవ్వుతారు, తర్వాత రొయ్యల రేటు పడిపోయిందనో, కరెంటు పోయిందనో వేరే గోలలో పడతారు. అయినా మన వైపు ఇదేం కొత్తా? కోనసీమలో తల్లులు కువైట్ వెళితే పిల్లలకి జడలేసి బడికి పంపిన నాన్నలు ఎంతమంది లేరు! ఇక మీరు ఖాళీగా ఉన్నారనేవాళ్ళని, పెరటి తలుపు తీస్తే కాలువ గట్టు ఉండే ఇంట్లో, కొత్తగా నడక వచ్చిన పిల్లతో ఒక్క పూట ఉండి చూడమనండి.

డబ్బు సంగతి తేలిక. అడగడం, ఇవ్వడం అన్న పద్ధతే తీసెయ్యండి. జీతం పడ్డ రోజే ఇంటిఖర్చు జాయింట్ అకౌంట్లోకి, మీ చేతిఖర్చు మీ ఖాతాలోకి దానంతటదే వెళ్ళేలా పెట్టించండి. ఆవిడ పనిచేసేదే బ్యాంకులో కదా.

ఆవిడ ఏడుపు గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు, నాకు మాత్రం ఉత్తరం మొత్తానికి అదే పెద్ద విషయం అనిపించింది. ఊళ్ళో మాట పడుతున్నది మీరు, ఇంట్లో బిడ్డకి దూరమైపోతున్నానని కుమిలిపోతున్నది ఆవిడ. సాయంత్రం ఆవిడ వచ్చి కాస్త టీ తాగాక, స్నానం, పప్పన్నం, పడుకోబెట్టడం ఆవిడకే వదిలేసి మీరు బయటికి వెళ్ళండి. గుమ్మంలో నిలబడి "ముద్ద అంత పెద్దది పెడితే ఉమ్మేస్తుంది" అని చెప్పకండి, ఒకసారి ఉమ్మేస్తే ఆవిడకే తెలుస్తుంది. వారంలో రెండు మూడు రాత్రులు మీరు పక్క గదిలో పడుకోండి. మొదట్లో పాప గుక్కపెట్టి ఏడుస్తుంది, వెంటనే పరిగెత్తుకు రాకండి.

పాపకి మూడేళ్ళు నిండితే అంగన్‌వాడీలో కూర్చోబెట్టొచ్చు. అప్పటిదాకా చేసిన పని మర్చిపోకుండా ఒకటి రెండు షాపుల జీఎస్టీ లెక్కలు పట్టుకోండి. నెలనెలా వేసే రిటర్న్ 20వ తేదీలోపు వెయ్యాలి కాబట్టి, ఆ ముందు వచ్చే ఆదివారం పాప వాళ్ళమ్మ దగ్గర ఉంటుంది.

ఇవన్నీ చేసినా నిద్ర పట్టకపోవడం, పాప మీద ఊరికే అరవడం రెండు మూడు వారాలు దాటి ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. అది మనసు బాగోలేనప్పుడు మాట్లాడేందుకు ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడొచ్చు.