ఒక్కో ఆల్బమ్ నుంచి ఒక్కో పాట అడగకండి, మొత్తం వినండి

"రాక్, జాజ్, హిందుస్తానీ, సినిమా, ఇలా అన్ని రకాల్లో క్లాసిక్ ఆల్బమ్స్ ఏవి? ఒక్కోదాంట్లోంచి ఒక్కో మంచి పాట చెబితే ప్లేలిస్టు చేసుకుంటాను" అని అడిగారు. చదవగానే నాకు కొంచెం కోపం వచ్చింది. మీ మీద కాదు, ఆ ఒక్కో పాట అన్న మాట మీద. మా వైపు ఒగ్గు కథ రాత్రి మొదలుపెడితే తెల్లారేదాకా చెప్తారు. మల్లన్న పెళ్లి ఘట్టం బాగుంటుంది, అదొక్కటి చెప్పి లేవండి అని ఎవరైనా అంటారా? ఆల్బమ్ కూడా అట్లాంటిదే. మొదటి నుంచి చివరి దాకా, వాళ్లు పెట్టిన వరుసలోనే వినాలి. ఈ విషయంలో ఎవరు ఎంత వాదించినా నేను మారను.

మాది పాలమూరు, నారాయణపేట వైపు ఒక చిన్న ఊరు. మా చిన్నాయన బొంబాయిలో మేస్త్రి పని చేసేవాడు. అప్పట్లో మా ఊళ్లో ప్రతి ఇంటి నుంచి ఒకరో ఇద్దరో బొంబాయికో పూనాకో పోయినవాళ్లే. 1991 దసరాకు వచ్చినప్పుడు ఆయన ఒక పాత టూ ఇన్ వన్ (రేడియో, టేపు రెండూ ఉండే మిషన్), ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు తెచ్చాడు. ఆయన పని చేసే చోట ఎవరో పెద్దమనిషి ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చేశాడట. పెట్టెలో 23 క్యాసెట్లున్నాయి, ఒక్కటీ తెలుగు కాదు. నేను తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం, పేర్లు కూడబలుక్కుని చదివితే గానీ తెలిసేవి కావు. అందుకే అట్టల మీది బొమ్మలతోనే గుర్తు పెట్టుకున్నాను. నల్ల అట్ట మీద త్రికోణం, అందులోంచి రంగులు విరజిమ్ముతున్నది ఒకటి. ట్రంపెట్ ఊదుతున్న మనిషిది ఒకటి. తెల్ల కోటు వేసుకుని పక్కకు ఒరిగిన కుర్రాడిది ఒకటి.

త్రికోణం క్యాసెట్ అంటే పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు రాక్ బృందం వాళ్ల ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్, 1973లో వచ్చింది. దాని గురించి ప్రపంచమంతా రాసింది కాబట్టి ఆ గొప్పలన్నీ నేను మళ్లీ చెప్పను, మా వాకిట్లో జరిగింది చెప్తాను.

అప్పుడు ఊరికి కరెంటు వంతుల మీద వచ్చేది, రాత్రి పోయిందంటే ఎప్పుడొస్తుందో తెలియదు. టేపుకు ఆరు పెద్ద సెల్లు కావాలి. కొత్తవి కొనడానికి పైసలెక్కడివి, అయిపోయిన సెల్లనే పొద్దంతా బండ మీద ఎండబెట్టేవాణ్ని. అట్లా ఎండిన సెల్లు ఒక అరగంట లాగేవి. ఆ రాత్రి అవ్వ వాకిట్లో నులక మంచం మీద పడుకుంది, నేను పక్కన కింద బొంత మీద. అవ్వ అంటే మా నాయన వాళ్లమ్మ. క్యాసెట్ పెట్టాను. మొదట గుండె కొట్టుకుంటున్న చప్పుడు వస్తుంది, అది అవ్వకు వినపడనే లేదు. కాసేపటికి గడియారాలన్నీ ఒక్కసారి గణగణ మోగేసరికి ఉలిక్కిపడి లేచి కూర్చుంది, వీధిలో కుక్కలు అందుకున్నాయి. బందు చెయ్యమని తిట్టి మళ్లీ ఒరిగింది. నేను సౌండు తగ్గించాను గానీ ఆపలేదు.

క్యాసెట్ మొదటి వైపు చివర్లో ది గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై అని ఒకటి వస్తుంది. మెల్లగా పియానో, తర్వాత ఒక ఆడమనిషి గొంతు. మాటలుండవు, గొంతు ఒక్కటే. ఒకసారి ఆకాశానికి లేస్తుంది, ఒకసారి అలిసిపోయి మూలుగులోకి దిగుతుంది. అవ్వ మళ్లీ లేచి కూర్చుంది. ఈసారి తిట్టలేదు.

"గా పిల్ల ఎవరి కోసం ఏడుస్తున్నది రా? ఎవరు పోయిండ్రు?"

"ఎవరూ పోలేదవ్వా, పాట అది."

"పాటెట్లయితది? మాటలే లేవు. శోకం అది. మాటలన్నీ ఒడిసిపోయినంక తీసే శోకం."

మా దగ్గర ఎవరైనా చనిపోతే ఆడవాళ్లు శోకం తీస్తారు. పోయినవాళ్ల మంచీ చెడూ, చేసిన పనులూ, పెట్టిన తిండీ అన్నీ వరసగా చెప్పుకుంటూ రాగంతో ఏడుస్తారు. మా అవ్వ శోకం తీస్తే చుట్టుపక్కల ఊర్ల నుంచి వచ్చినవాళ్లకు కూడా కండ్లల్ల నీళ్లు తిరిగేవి. అట్లాంటి మనిషి చెప్పింది. మళ్లీ పెట్టు రా అంది. సెల్లు ఖర్చవుతాయని బటన్ నొక్కకుండా క్యాసెట్ బయటికి తీసి పెన్సిల్‌తో వెనక్కి తిప్పి పెట్టాను. రెండోసారి మొత్తం విని, ఏమీ అనకుండా చెంగు మొహం మీద కప్పుకుని పడుకుంది.

ఆ పాట సంగతి నాకు చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. అది చావు గురించి చేసినదే. ఆ పాడినావిడ పేరు క్లేర్ టోరీ. స్టూడియోకు పిలిచి, మాటలేవీ వద్దు, నీకు తోచినట్టు పాడు అన్నారట. రెండు మూడు సార్లు పాడి వెళ్లిపోయింది. ఆదివారం కాబట్టి రెట్టింపు కూలీ, 30 పౌండ్లు ఇచ్చారు. అట్ట మీద గాయనిగా పేరు వేశారు గానీ ఆ స్వరం కట్టింది కూడా ఆమేనని ఒప్పుకోలేదు. ఆమె కోర్టుకు పోతే 2005లో రాజీ అయ్యాక గానీ స్వరకర్తల్లో ఆమె పేరు చేరలేదు. 32 ఏండ్లు! లోకమంతా విన్న ఆ పాటకు రాగం ఎవరు తీశారో రాయడానికి అన్నేండ్లు పట్టింది.

ఇది చదివినప్పుడల్లా నాకు మా ఊరి ఆడవాళ్లే గుర్తొస్తారు. నాట్లేస్తూ, బతుకమ్మ ఆడుతూ కట్టిన పాటలు ఎన్ని సినిమాల్లోకి, ఎన్ని యూట్యూబ్ ఛానళ్లలోకి పోలేదు? కింద 'జానపదం' అని ఒక ముక్క రాస్తే సరిపోతుందా? కట్టినవాళ్ల పేర్లు దొరికినచోట కూడా మనకు పట్టింపు ఉండదు. మా భూమి సినిమాలోని 'బండెనక బండి కట్టి' ఎవరిదని అడగండి, పదిమందిలో తొమ్మిదిమంది గద్దర్‌ది అంటారు. గద్దర్ గొప్పగా పాడారు, తెర మీద కూడా కనిపించారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ పాట నిజాం మీద సాయుధ పోరాటం నాటిది, రాసింది బండి యాదగిరి. ఆయన పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

సరే, మీ ప్రశ్నకు వస్తాను.

తెల్ల కోటు కుర్రాడు అంటే మైకేల్ జాక్సన్, క్యాసెట్ థ్రిల్లర్, 1982. చాలామంది దీన్ని అన్నిటికంటే పైన పెడతారు, నేను పెట్టను. తొమ్మిది పాటలుంటే ఏడు సింగిల్స్‌గా విడిగా వచ్చాయి, అన్నీ హిట్లే. విడిగా అంత బాగా బతికే పాటలు ఒకదానికొకటి ఏమవుతాయి? పాలమూరులో గడియారం సెంటర్ దగ్గర రికార్డింగ్ షాపుల్లో లిస్టు రాసిచ్చి చేయించుకునే హిట్ పాటల క్యాసెట్ లాంటిది. డాన్సు కావాలంటే దాన్ని మించింది లేదు, అంతవరకు ఒప్పుకుంటాను.

కాల్ ఆఫ్ ద వ్యాలీ తప్పకుండా వినండి. 1967లో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్. కాశ్మీర్‌లో ఒక గొర్రెల కాపరికి పొద్దు పొడిచిన దగ్గర్నుంచి రాత్రి దాకా గడిచే ఒక రోజు అది. తెల్లవారుజాముకు అహిర్ భైరవ్, పొద్దు గూకినాక భూప్, ఇట్లా వేళను బట్టి రాగాలు మారుతుంటాయి. చిన్నాయనకు ఆ పెట్టెలో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. వచ్చిన ప్రతిసారీ సాయంత్రం స్నానం చేసి, పంచె కట్టుకుని, అరుగు మీద కూర్చుని వినేవాడు. కానీ మొదటి వైపు ఎప్పుడో పాడైపోయింది, రెండో వైపు ఒక్కటే మోగేది. అందుకని చాలా ఏండ్లు నాకు ఆ కాపరి సాయంత్రం మాత్రమే తెలుసు. మొదటి వైపు విన్నది చిన్నాయన పోయాక. అహిర్ భైరవ్ మెల్లగా లేస్తుంటే, ఆయనకు ఈ తెల్లారడం వినపడలేదు కదా అనిపించి ఆపేశాను, మళ్లీ వారం తర్వాత గానీ వినలేకపోయాను. ఇప్పుడు చెప్పండి, ఇందులోంచి ఏ ఒక్క పాట తీసి మీకు ఇవ్వాలి?

పాటల వరుసను కలగాపులగం చేసే షఫుల్ బటన్ పెట్టినవాడు సంగీతానికి చేసినంత నష్టం పైరసీ వాళ్లంతా కలిసినా చేయలేదని నా గట్టి నమ్మకం. 2021లో ఇంగ్లిష్ గాయని అడెల్ తన ఆల్బమ్ వచ్చినప్పుడు అడిగితే, పాటల యాప్ స్పాటిఫై వాళ్లు ఆల్బమ్ పేజీల్లో నొక్కగానే షఫుల్ అయ్యే పద్ధతి తీసేశారు. పాటల వరుసకు విలువుందని ఆమె అడిగింది, నాకు చాలా సంతోషమైంది.

తెలుగులో అయితే శంకరాభరణం. మామూలుగా సినిమా పాటల క్యాసెట్‌ను నేను ఆల్బమ్ అనను, దీన్ని మాత్రం అంటాను. గురువు దగ్గర కూర్చుని శాస్త్రీయ సంగీతం నేర్చుకోని బాలు చేత కె.వి. మహదేవన్ అవి పాడించారు, బాలుకు మొదటి జాతీయ అవార్డు దానికే వచ్చింది. చివరి పాట 'దొరకునా ఇటువంటి సేవ' దగ్గర శాస్త్రి కచేరీ మధ్యలోనే ఒరిగిపోతాడు, మిగిలింది శిష్యుడు అందుకుంటాడు. ముందు పాటలన్నీ విని అక్కడికి వస్తే ఒక తీరు, ఫోనులో అదొక్కటే నొక్కి వింటే ఇంకో తీరు.

ఘంటసాల భగవద్గీత కూడా నా లెక్కలో క్లాసిక్ ఆల్బమే. ఆయన చివరి రోజుల్లో పాడింది. దాన్ని తీసుకుపోయి శవాల బండి మీద పెట్టి పెట్టి ఎట్లా చేశామంటే, ఇంట్లో పొద్దున పెడితే పక్కింటివాళ్లు వచ్చి ఏమైందని అడుగుతారు. నేను పెట్టినప్పుడు నిజంగా వచ్చి అడిగారు. అర్జునుడు బతికి లేచి పని చేయాలని చెప్పిన మాటలవి, చావుకు గుర్తు చేసేశాం. ఆ శ్లోకం ఆగి తాత్పర్యం మొదలయ్యే చోట ఆయన గొంతు ఎంత దగ్గరగా వస్తుందో ఒక్కసారి ఏ చావూ లేని రోజు విని చూడండి.

ట్రంపెట్ మనిషి మైల్స్ డేవిస్, క్యాసెట్ కైండ్ ఆఫ్ బ్లూ, 1959. జాజ్ గురించి ఏమీ తెలియకపోయినా మన చెవికి పట్టేస్తుంది, ఎందుకంటే ఇందులో ఆలాపన ఉంది. దీని గురించి ఒక సంగతి చెప్పాలి. మొదటి రోజు రికార్డింగ్‌లో టేపు మిషన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది, దాంతో మామూలు మిషన్ మీద వేస్తే మొదటి వైపు మూడు పాటలు కాస్త వేగంగా, శ్రుతి కాస్త పైన వినిపించేవి. 1992లో సరిచేశారు. అంటే 30 ఏండ్లకు పైగా లోకమంతా అదే సరైన శ్రుతి అనుకుని విన్నది.

మా టేపు కథ దీనికి పూర్తిగా తలకిందులు. ఎండబెట్టిన సెల్లు ఒక వైపు చివరికి వచ్చేసరికి నీరసించేవి, పాట సాగేది, గొంతు బరువెక్కేది. గ్రేట్ గిగ్ సరిగ్గా ఆ చివర్లోనే వస్తుంది. 1999లో హైదరాబాద్‌లో కోఠి దగ్గర ఒక షాపులో సీడీ మీద మొదటిసారి సరైన వేగంతో విన్నాను, అప్పటికి అవ్వ పోయి రెండేండ్లయింది. గొంతు ఎవరో వయసు పిల్లది. నాకు తెలిసిన ఆ ముసలామె అందులో లేదు. షాపులో అబ్బాయి బాగాలేదా అన్నా అని అడిగాడు, బాగుందని చెప్పి కొనుక్కున్నాను. పాత క్యాసెట్ కూడా పారేయలేదు, టేపు మోగినన్ని రోజులు సెల్లు పాతబడ్డాకే పెట్టేవాణ్ని.