తక్కువ బరువుతో పుట్టిన పాప: చూడాల్సింది బరువొక్కటే కాదు, ఎత్తు కూడా

మీరు అడిగింది ఇది. పాప 38 వారాలకు 1 కిలో 900 గ్రాములతో పుట్టింది. ఇప్పుడు రెండున్నరేళ్ళు, ఎత్తు 84 సెంటీమీటర్లు, బరువు 10 కిలోల 200 గ్రాములు. అత్తగారు నెయ్యి, మీగడ, పౌడరు కలిపిన పాలు పట్టించి బొద్దుగా చేయమంటున్నారు. ఎవరో హార్మోన్ ఇంజెక్షన్లు వేయించమన్నారు. ఇలాంటి పిల్లలకు పెద్దయ్యాక షుగర్ వస్తుందని విని మీకు నిద్ర పట్టడం లేదు.

ముందు మీ టెన్షన్ కొంత తగ్గించే మాట చెప్తాను. వయసు ప్రకారం చూస్తే పాప ఎత్తూ బరువూ రెండూ డబ్ల్యూహెచ్ఓ ఎదుగుదల చార్టులో కింది గీతకు (దాని కన్నా కిందికి పోతే వయసుకు తగ్గ ఎదుగుదల లేనట్టు లెక్క) కాస్త పైన ఉన్నాయి. కానీ 84 సెంటీమీటర్ల పిల్లకి ఆ బరువు సరిపోతుంది. అంటే మీ పాప బక్కచిక్కి లేదు, పొట్టిగా ఉంది. ఈ రెండూ వేరని మాకు మా అమ్మాయికి ఏడేళ్ళు వచ్చాక గానీ తెలియలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను డాక్టర్‌ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. మా పెద్దమ్మాయి 37 వారాలకు 1 కిలో 850 గ్రాములతో పుట్టింది. ఎనిమిదో నెలలో నాకు బీపీ పెరిగింది, ఉమ్మనీరు తగ్గింది. మాయ నుంచి బిడ్డకు రక్తం సరిగ్గా అందడం లేదని డాప్లర్ స్కాన్‌లో తేలింది. పుట్టాక మొదటి రెండు రోజులు దాని మడమ గుచ్చి మళ్ళీ మళ్ళీ షుగర్ చూశారు. ఇలాంటి పిల్లల కాలేయంలో చక్కెర నిల్వ తక్కువగా ఉంటుంది కాబట్టి పాలు ఆలస్యమైతే షుగర్ పడిపోతుందని నర్సు చెప్పింది. ఆ తర్వాత నెలన్నర పాటు పాపను నా గుండెలకు ఆనించి కట్టుకునే ఉన్నాను. ఆ రోజుల గురించి నాకు ఏ చింతా లేదు, అప్పుడు చేసినవన్నీ సరైనవే. తప్పు తర్వాత జరిగింది.

రెండున్నర కిలోల కన్నా తక్కువగా పుడితే తక్కువ బరువు అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి 18 మంది పిల్లలు ఇలాగే పుడుతున్నారు. అయితే ఇందులో రెండు రకాలున్నాయి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు కొందరు, నెలలు నిండినా కడుపులో సరిగ్గా ఎదగనివాళ్ళు కొందరు. కొందరిలో రెండూ ఉంటాయి. మీ పాప, మా అమ్మాయి రెండో రకం. నెలలు నిండని పిల్లలైతే రెండేళ్ళ దాకా, ముందు పుట్టిన వారాలు తీసేసి వయసు లెక్కకట్టి చార్టు చూడాలి. మీకు ఆ లెక్క అక్కర్లేదు.

కడుపులో ఆహారం తగ్గినప్పుడు బిడ్డ శరీరం ఉన్నదాన్ని పొదుపుగా వాడుకుంటుంది. మెదడుకు ముందు పంపి, కండకు, కాలేయానికి, ఇన్సులిన్ తయారుచేసే క్లోమానికి, కిడ్నీలకు కోత పెడుతుంది. కిడ్నీలో వడపోసే భాగాలు తక్కువగా తయారవుతాయి, అవి పుట్టాక కొత్తగా రావు. పెద్దయ్యాక బీపీ ఎక్కువగా రావడానికి ఇదొక కారణమని చెబుతారు. కండ తక్కువగా ఉంటే తిన్న చక్కెరను వాడుకునే చోటు కూడా తక్కువే. పుట్టాక తిండి పుష్కలంగా దొరికితే ఆ పొదుపు అలవాటున్న శరీరం కండ కన్నా ముందు కొవ్వును దాచుకుంటుంది. ఇది బ్రిటన్‌లో డేవిడ్ బార్కర్ అనే పరిశోధక డాక్టర్ 1980ల నుంచి చెప్పిన సంగతి. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో 1911 నుంచి నర్సులు పుస్తకాల్లో రాసి దాచిన పుట్టుక బరువులను ఆయన బృందం వెతికి పట్టుకుంది. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఎవరికి గుండెజబ్బు వచ్చింది, ఎవరికి షుగర్ వచ్చింది అని పోల్చి చూసింది.

మనవాళ్ళ సంగతి ఇంకొంచెం భిన్నం. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చింది. అక్కడి పిల్లలు సగటున మూడున్నర కిలోలుంటే మనవాళ్ళు సుమారు 2 కిలోల 700 గ్రాములు. కానీ మనవాళ్ళలో తగ్గింది ఎక్కువగా కండ, అవయవాలు. వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. చూడ్డానికి సన్నగా, లోపల కొవ్వుగా. అందుకే మన పిల్లల విషయంలో బుగ్గలు చూసి ఆరోగ్యం లెక్కకట్టకూడదని నా గట్టి నమ్మకం.

ఇక మేము చేసింది. ఇలా పుట్టిన పిల్లల్లో నూటికి 85 నుంచి 90 మంది రెండేళ్ళు నిండేలోపే ఎత్తులో తోటివాళ్ళను అందుకుంటారు. మా అమ్మాయి రెండేళ్ళకు 80 సెంటీమీటర్లు దాటింది, అంటే అంతంతమాత్రమే. అంగన్‌వాడీ టీచరు "బరువు బాగానే ఉందమ్మా, పొడవు చూస్తూ ఉండండి" అని చెప్పింది. మేము వినలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "పిల్ల పీలగా ఉంది, ఏం పెట్టట్లేదా" అనేవాళ్ళు. ఆ మాట తల్లిని ఎంత నలిపేస్తుందో మీకు తెలుసు. పొద్దున పౌడరు పాలు, మధ్యాహ్నం నెయ్యి ముద్దలు, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి మళ్ళీ పాలు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా వదిలేదాన్ని కాదు. ఐదేళ్ళకు 16 కిలోలున్న పిల్ల ఏడేళ్ళకు 24 కిలోలైంది. రెండేళ్ళలో 8 కిలోలు. చుట్టాలంతా సంతోషించారు, నేనూ సంతోషించాను.

అప్పుడే దాని మెడ వెనక నల్లబడింది. మా అమ్మ మురికి అనుకుని ప్రతి ఆదివారం సున్నిపిండితో రుద్దేది, పాప ఏడ్చేది. అది మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైతే మెడ, చంకల దగ్గర చర్మం అలా మందంగా, నల్లగా అవుతుంది. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు గుండె పిండినట్టుంటుంది. ఏడున్నరేళ్ళకు చంకలో పెద్దవాళ్ళలా వాసన, కొద్దిగా వెంట్రుకలు వచ్చాయి. భయపడి పిల్లల హార్మోన్ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళాం. ఎడమ చేతికి ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూశారు, రక్తపరీక్షలు చేశారు. అది రజస్వల కావడానికి తొలి అడుగు కాదని, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ముందుగా పనిచేయడం మొదలుపెట్టాయని చెప్పారు. చిన్నగా పుట్టి, తర్వాత త్వరగా లావెక్కిన ఆడపిల్లల్లో ఇది కొంచెం ఎక్కువగా కనబడుతుందట. ఇలాంటివాళ్ళలో కొందరికి తర్వాత నెలసరి సరిగ్గా రాకపోవడం, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాల్లో వచ్చే సమస్య) రావచ్చని, అందుకే బరువు మీద కన్నేసి ఉండమని అన్నారు. పాపకు ఖాళీ కడుపుతో షుగర్ మామూలుగానే ఉంది, ఇన్సులిన్ మాత్రం ఎక్కువగా ఉంది.

ఆ రోజు ఆ డాక్టర్ చెప్పిన ఒక పరిశోధన గురించి తర్వాత నేనూ చదివాను. ఢిల్లీలో 1969-72 మధ్య పుట్టిన పిల్లలను ఏళ్ళ తరబడి తూచి, ముప్పయ్యేళ్ళ వయసు దగ్గర షుగర్ పరీక్ష చేశారు. షుగర్ సమస్య వచ్చినవాళ్ళు ఒకటి రెండేళ్ళప్పుడు సన్నగా ఉండి, అక్కణ్నుంచి పన్నెండేళ్ళ దాకా ఎత్తుకు మించి బరువు పెరుగుతూ వచ్చినవాళ్ళు. పన్నెండేళ్ళకు వాళ్ళలో ఒక్కరు కూడా ఊబకాయులు కాదు. వాళ్ళ బరువు గీత పైకి ఎక్కుతూ పోయింది, అంతే. మా పాప కూడా ఎవరికీ లావుగా కనబడలేదు కదా!

కాబట్టి అత్తగారితో గొడవ వద్దు, ఇలా చెప్పి చూడండి: మొదటి రెండేళ్ళలో పెరిగే బరువుతో ఎత్తు కూడా వస్తే అది మంచి ఎదుగుదల, ఆ తర్వాత ఎత్తు రాకుండా బరువొక్కటే పెరిగితే అది కొవ్వు. పాప తిండి తగ్గించమని అనడం లేదు, ఎదిగే పిల్లకు కడుపు మాడ్చడం ఇంకా పెద్ద తప్పు. ఏం పెడుతున్నామన్నది మార్చాలి. మేము పౌడరు మానేశాం. అన్నం కొంచెం తగ్గించి పప్పు గట్టిగా కలపడం, రోజూ గుడ్డు, పెరుగు, సాయంత్రం బిస్కెట్లకు బదులు ఉడికించిన శనగలో వేరుశనగలో పెట్టడం మొదలుపెట్టాం. పళ్ళెం ఖాళీ చేయమని బలవంతం చేయడం ఆపేశాను, నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే. స్కూలు నుంచి రాగానే ట్యూషన్ మాన్పించి గంటన్నర ఆటకు పంపాం. కండ పెరిగితేనే శరీరం ఇన్సులిన్ మాట వింటుందని డాక్టరు పదేపదే చెప్పారు. మీ పాపకు రెండున్నరేళ్ళే కాబట్టి శనగలు, వేరుశనగలు గింజలుగా ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. మెత్తగా చేసి పెట్టండి.

ఇంజెక్షన్ల గురించి. ఈ పిల్లల్లో చాలామందికి గ్రోత్ హార్మోన్ తక్కువగా ఉండదు. హార్మోన్ ఉన్నా శరీరం దాని మాట సరిగ్గా వినదు. రెండేళ్ళు దాటినా తోటివాళ్ళను అందుకోకుండా బాగా పొట్టిగా ఉండిపోయిన కొద్దిమందికి ఆ ఇంజెక్షన్ ఇస్తారు. అమెరికాలో 2001లో, యూరప్‌లో 2003లో అనుమతి వచ్చింది, యూరప్‌లో నాలుగేళ్ళు నిండాకే మొదలుపెడతారు. రోజూ రాత్రి చర్మం కింద, ఏళ్ళ తరబడి ఇవ్వాలి, ఖర్చు చాలా ఎక్కువ, మధ్యలో షుగర్ చూస్తూ ఉండాలి. మీ పాప కింది గీతకు పైనే ఉంది, కాబట్టి ఇప్పుడు చేయాల్సింది కొలవడం. మూడు నెలలకోసారి చెప్పులు తీయించి, గోడకు ఆనించి, ఒకే చోట, ఒకే మనిషి కొలిచి రాయండి. నాలుగేళ్ళ తర్వాత ఏడాదికి 5 సెంటీమీటర్ల కన్నా తక్కువ పెరిగితే వెంటనే చూపించాలి. థైరాయిడ్ పరీక్ష ఇంతవరకూ చేయించకపోతే ఒకసారి చేయించండి. మీ ఇద్దరి ఎత్తూ కూడా డాక్టరుకు చెప్పండి. అమ్మానాన్నలే పొట్టి అయితే లెక్క మారుతుంది.

షుగర్ వస్తుందా అని అడిగారు. వచ్చే అవకాశం మిగతావాళ్ళ కన్నా కొంత ఎక్కువ, అంతేగానీ నుదుట రాసిపెట్టినట్టు కాదు. దీనికి మన దగ్గరి సాక్ష్యమే ఉంది. 1980ల చివర హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ అదనంగా ఉప్మా పెట్టారు, మరికొన్ని పల్లెల్లో పెట్టలేదు. పదిహేనేళ్ళ తర్వాత ఆ పిల్లలను పరీక్షిస్తే, ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు మిగతా ఊళ్ళ పిల్లల కన్నా దాదాపు 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు, వాళ్ళలో ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ ఉన్నా శరీరం దాని మాట సరిగ్గా వినకపోవడం) కూడా తక్కువగా ఉంది. ఇంటి తిండి లాంటి మామూలు తిండితో, సరైన వయసులో, అంత మార్పు వచ్చింది.

నా సంగతి కూడా చెప్పాలి. నేనూ అలా పుట్టినదాన్నే. తూకం వేయలేదు గానీ "దూదిలో పెట్టి పెంచాం" అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. రెండో కాన్పులో నాకు షుగర్ వచ్చింది, ఇప్పుడు 36 ఏళ్ళకు బోర్డర్‌లో ఉంది. చిన్నగా పుట్టిన ఆడవాళ్ళకు గర్భంలో షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని అప్పుడే తెలిసింది. మీరు మళ్ళీ గర్భం అనుకుంటుంటే రక్తం, బీపీ, షుగర్, బీ12 విటమిన్ ముందే చూపించుకోండి.

మా అమ్మాయికి ఇప్పుడు పదేళ్ళు, 135 సెంటీమీటర్లు. మెడ మీద నలుపు చాలావరకు తగ్గింది. ఏడాదికోసారి బీపీ, షుగర్ చూపిస్తున్నాం. పుట్టినప్పటి నుంచి మీ పాప ఎత్తు, బరువు కార్డులో రాసి ఉంటే, తేదీలతో ఇక్కడ పెట్టండి. చార్టు మీద చుక్కలు పెట్టి గీత ఎటు పోతోందో చూసి చెప్తాను. దాన్నే డాక్టరుకు చూపించవచ్చు.