ఆరు స్పిన్‌ల గొలుసుతో మొదలుపెట్టండి

అయస్కాంత పదార్థాల అనుకరణకు క్వాంటం కంప్యూటర్ ఎందుకు, ఇప్పుడున్న యంత్రాలపై అది సాధ్యమేనా అని అడిగారు. సాధ్యమే. అయితే ముందుగా జవాబు తెలిసిన చిన్న లెక్కతో మొదలుపెట్టండి.

ఎందుకన్నది నాకు 16 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ నేర్పింది. అడ్డ అయస్కాంత క్షేత్రంలోని ఐసింగ్ గొలుసును, అంటే పక్కపక్కవి ఒకదానిపై ఒకటి ప్రభావం చూపే స్పిన్‌ల (పైకో కిందికో తిరిగే అతిచిన్న అయస్కాంతాల) వరుసను లెక్కిస్తూ ఒక్కో స్పిన్ కలుపుకుంటూ పోయాను. 29 వరకు ఎలాగో లాక్కొచ్చింది, 30 దగ్గర చతికిలబడింది. 30 స్పిన్‌ల స్థితికి సుమారు 107 కోట్ల సంకీర్ణ సంఖ్యలు కావాలి. ఒక్కోదానికి 16 బైట్లంటే మెమరీ మొత్తం దానికే పోతుంది. ఇంకొక్క స్పిన్ చేరితే అది రెట్టింపు. క్వాంటం కంప్యూటర్ మూల ప్రమాణమైన క్యూబిట్‌దీ స్పిన్‌లాగే రెండు స్థాయిల లోకం గనుక, ఆ యంత్రంలో ఒక స్పిన్‌కు ఒక క్యూబిట్ సరిపోతుంది.

తర్వాత ఆరు స్పిన్‌ల గొలుసును నిజమైన క్వాంటం యంత్రంపై నడిపాను. కాలాన్ని చిన్న అంగలుగా కోసి, ప్రతి అంగలో పక్కపక్క స్పిన్‌ల జంటలకు ఒక వరుస గేట్లు (క్యూబిట్‌ల స్థితిని మార్చే చర్యలు), అడ్డ క్షేత్రానికి మరో వరుస వేస్తాం. ఇది ట్రాటర్ పద్ధతి. అంగను సగం చేస్తే పద్ధతిలోని దోషం దాదాపు సగమవుతుంది, గేట్లు మాత్రం రెట్టింపవుతాయి. ప్రతి గేటూ కాస్త నాయిస్ (యంత్రపు పొరపాటు) కలుపుతుంది. అంగలు పెంచినకొద్దీ, ఊగుతూ సాగవలసిన అయస్కాంతత్వపు గీత చదునై సున్నాకు అతుక్కుపోయింది. ల్యాప్‌టాప్ గీత పక్కన లేకపోతే, గొలుసు సమతాస్థితికి చేరిందనే నమ్మేవాణ్ణి!

అందుకే ఈ పరీక్ష తప్పక చేయండి: ముందుకు నడిపిన గేట్లనే తిరగేసిన వరుసలో, ఒక్కోదాన్ని దాని విలోమంగా మార్చి వెనక్కి నడపండి. మొదటి స్థితి ఎంత తిరిగి రాకపోతే, నాయిస్ అంత ఉన్నట్టు. రెండు సగాల మధ్య బారియర్ (గేట్లను దాటించి కలపవద్దని చెప్పే గీత) పెట్టడం మరవకండి. లేకపోతే సర్క్యూట్‌ను కుదించే కంపైలర్ ఆ గేట్లను ఒకదానితో ఒకటి కొట్టివేసి, ఖాళీ సర్క్యూట్‌ను నడుపుతుంది. ఫలితం అద్భుతంగా కనిపిస్తుంది. నాకు ఒక సాయంత్రమంతా అలాగే పోయింది.

2023లో ఐబీఎం 127 క్యూబిట్‌లపై ఐసింగ్ నమూనాను నడిపి, నాయిస్ ప్రభావాన్ని సవరించి ఫలితాలు ప్రకటించింది. కొద్ది వారాల్లోనే, స్థితిని చిన్న ముక్కలుగా కుదించి రాసే టెన్సర్ నెట్‌వర్క్ పద్ధతులతో మామూలు కంప్యూటర్లు ఆ లెక్కలను అందుకున్నాయి. దీనితో నిరుత్సాహపడనక్కర్లేదు. ఆ పద్ధతులు తడబడేది స్పిన్‌ల మధ్య క్వాంటం ముడి (ఎంటాంగిల్‌మెంట్) బాగా పెరిగినప్పుడు. త్రిభుజాకార జాలకంలో పొరుగు స్పిన్‌లు ఎదురెదురుగా ఉండాలంటే, రెండు కుదిరినా మూడోది ఎటు తిరగాలో తేలదు. అలాంటి చాలా క్వాంటం అయస్కాంతాల్లో, యాదృచ్ఛిక నమూనాలతో లెక్కించే మాంటే కార్లో పద్ధతికి కూడా రుణ సంభావ్యతలు ఎదురై లెక్క ముందుకు సాగదు. ఆరు స్పిన్‌లు చేతికి లొంగాక మీరు వెళ్లవలసింది అక్కడికే.