పాత ఫ్రెంచి సైకిల్ బాటమ్ బ్రాకెట్ విప్పేముందు

హనుమకొండ

చిరంజీవికి పెద్దబాపు ఆశీస్సులు.

నీవు కొన్న పాత ఫ్రెంచి ప్యూజో రేసింగ్ సైకిల్ తొక్కినప్పుడల్లా పెడళ్ల నడుమ కరకరమంటున్నదని, ఆదివారం నాడు దాని బాటమ్ బ్రాకెట్, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే గూడు, విప్పబోతున్నావని వ్రాశావు. వానలు వెనుకపట్టి బతుకమ్మ పండుగ దగ్గరపడే ఈ రోజులే ఆ పనికి తగినవి. సీటు గొట్టం గుండా దిగిన నీరంతా చివరకు చేరేది ఆ గూటిలోనే, దానికి మన చల్క నేలల ఎర్రదుమ్ము తోడైతే గ్రీజు కాస్తా సానరాయి పొడిలా పనిచేస్తుంది.

స్పానర్ పట్టేముందు మరల సంగతి తెలుసుకో. ఇరుసు బాల్స్‌ను పట్టి ఉంచుతూ, గూటికి రెండు పక్కలా మరలతో బిగిసే గిన్నెలే కప్పులు. ఫ్రెంచి పద్ధతిలో కప్పు వ్యాసం 35 మిల్లీమీటర్లు, మరకూ మరకూ దూరం 1 మిల్లీమీటరు. ఇంగ్లీషు కప్పు 1.37 అంగుళాలు, అంటే సుమారు 34.8 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 మరలు. తేడా వెంట్రుకవాసి కావడమే ప్రమాదం: ఇంగ్లీషు కప్పు ఫ్రెంచి గూటిలో మొదట సాఫీగానే ఎక్కి, తరువాత బిగుసుకొని, గూటి మరలను కొరికివేస్తుంది. కాబట్టి "ఇదీ పడుతుంది" అని ఏ కొట్టులోనైనా అంటే సైకిల్ తీసుకొని వచ్చేయి.

ఇంగ్లీషు సైకిల్‌లో కుడి కప్పుకు ఉల్టా థ్రెడ్ ఉంటుంది, సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది. ఫ్రెంచి సైకిల్‌లో రెండు కప్పులకూ మామూలు మరలే. అయితే ప్యూజో వారు కొన్నింటికి, కుడివైపు ఉల్టా ఉండే స్విస్ పద్ధతి కూడా వాడారు కనుక పేరు చూసి నమ్మడానికి లేదు. నా కుర్రతనంలో ఒక ఇంగ్లీషు సైకిల్ కుడి కప్పును అలవాటుకొద్దీ అపసవ్యంగా తిప్పి, స్పానర్ జారి, కప్పు పలకలూ నా మెటికల తోలూ రెండూ పోగొట్టుకున్నాను. అందుకే చెబుతున్నాను, నీ సైకిల్ కుడి కప్పును ఉన్నచోటనే ఉంచు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూడు. గుంటలు కనబడితేనే దాని జోలికి వెళ్లు.

క్రాంక్, అంటే పెడల్‌ను ఇరుసుకు కలిపే చేయి, తీయడానికి మార్కెట్లో దొరికే పుల్లర్ (లాగే పనిముట్టు) 22 మిల్లీమీటర్లది. నీ క్రాంక్ మీద స్ట్రాంగ్‌లైట్ అని కంపెనీ పేరు ఉంటే దానికి 23.35 కావలసి రావచ్చు. వదులు పుల్లర్‌తో లాగితే అల్యూమినియం మరలు ఊడివస్తాయి.

ఎడమ కప్పు విప్పేటప్పుడు కింద తట్ట పెట్టుకో. యాక్సిల్ (ఇరుసు) ఏ కొస ఎటు ఉందో గుర్తు పెట్టు, సాధారణంగా పొడుగు కొస చైన్ వైపుది. బాల్స్ పావు అంగుళానివి, వైపుకు 11. అన్నీ ఒకే పొట్లంలోని కొత్తవి వేయి, పాతవి కొన్ని, కొత్తవి కొన్ని కలపవద్దు. గ్రీజు దండిగా పెడితే అవే అతుక్కొని నిలుస్తాయి.

ఇక అసలు ఓపిక బిగింపులో కావాలి. ఎడమ కప్పును ఊగు పోయేదాకా బిగించి, రవ్వంత వెనక్కి తిప్పి, కప్పు కదలకుండా పట్టుకొని, దాన్ని నిలిపి ఉంచే లాక్‌రింగ్ బిగించు. అది బిగిసేటప్పుడు లెక్క మారుతుంది, కాబట్టి మూడు నాలుగు సార్లు చేయవలసి వస్తుంది, విసుగుపడకు. క్రాంక్ ఎక్కించి కొసను పక్కకు ఊపి చూస్తే, వేళ్లకు అందని వదులు అక్కడ తెలుస్తుంది.

పాకాల దాకా ఒకసారి తొక్కి వచ్చి మళ్లీ ఊపి చూడు. పాత బాల్స్ మాత్రం పారవేయక సీసాలో దాచి ఉంచు. దసరాకు వచ్చినప్పుడు ఏ వైపువి ఎక్కువ అరిగాయో నేను చూడాలి.

మీ పెద్దబాపు