పటంలో ఖాళీ వదులు

కడప

చిరంజీవి తమ్ముడికి,

అనంతపురం నుంచి నువ్వు పంపిన కట్ట చేరింది. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి, మాటలతో, పాచికలతో కథ నడిపే మన ఆట కోసం నువ్వు అల్లిన లోకం అది. అరవై పేజీలూ రెండుసార్లు చదివాను. ఏడు తరాల రాజవంశం, నాలుగు కోటలు, పండుగల పట్టిక, రంగు పెన్సిళ్లతో వేసిన పటం. ఇంత కష్టపడినవాడికి ఈ మాట చెప్పడానికి మనసు రావడం లేదు గాని, దాచిపెడితే నీకు మేలు చేసినదాన్ని కాను. ఇందులో నీ నలుగురు స్నేహితులకు కాలు పెట్టే చోటు లేదు. ప్రతి కొండకూ పేరుంది, ప్రతి ఊరికీ పెద్ద ఉన్నాడు, ప్రతి పగకూ కారణం రాసి ఉంది. వచ్చే నెల క్యాంపెయిన్, అంటే వారం వారం సాగే ఒకే కథ, మొదలైతే వాళ్లు నువ్వు కట్టిన ఇంట్లో చుట్టపుచూపుగా తిరిగి వెళ్లిపోతారు. నాలుగు వారాలకు ఒకడికి పెళ్లి, ఇంకొకడికి పరీక్ష అడ్డొస్తాయి. తమ చెయ్యి పడిన చోటైతే ఆ పెళ్లి నుంచే పరుగెత్తుకుని వస్తారు.

నువ్వు కథలు రాసేవాడివి కాబట్టి అన్నీ ముందే తెలిసి ఉండాలనుకుంటావు. నేనూ కథలు రాస్తూనే ఈ ఆటలోకి వచ్చాను. కథలో పాఠకుడు నీ వెంట నడుస్తాడు. ఈ ఆటలో బల్ల చుట్టూ కూర్చున్న ప్రతివాడూ రచయితే. ఇది కొత్త సంగతేమీ కాదు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి ఆట అచ్చు కాకముందే, దాన్ని రాసిన ఇద్దరిలో ఒకడైన డేవ్ ఆర్నెసన్ అమెరికాలో తన స్నేహితులతో బ్లాక్‌మూర్ అనే లోకాన్ని ఆడించేవాడు. వాళ్లు ఆడుతూ ఉండగానే ఆ లోకం పెరిగింది.

మనకు ఇంకా దగ్గరి పాఠం ఈ కడపలోనే ఉంది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక, కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరూ తిరిగి కరణాల దగ్గర, పెద్దల దగ్గర ఆయా ఊళ్ల వృత్తాంతాలు రాయించారు. కైఫియత్తులంటే అవే. ఇక్కడి సి.పి.బ్రౌన్ కేంద్రం వాళ్లు వాటిని సంపుటాలుగా వేశారు, ఒక్కటైనా కొనుక్కో. అడవి ఎవరు కొట్టారు, చెరువు ఎవరు కట్టించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ పాలెగాడు వచ్చి ఏమి చేశాడు, ఇవన్నీ ఒక్కో ఊరు తన నోటితో చెప్పుకుంటుంది. మెకంజీ ఒక్కడే తన గుడారంలో కూర్చుని ఈ సీమ చరిత్ర అల్లి ఉంటే ఆ చెరువులూ మాన్యాలూ అందులోకి వచ్చేవా? నీ ఆటగాళ్లను నీ కరణాలనుకో. మొదటి రోజు పాచికలు సంచిలోనే ఉంచి, ఒక్కొక్కరి చేత వాళ్ల పాత్ర పుట్టిన ఊరి కైఫియత్తు చెప్పించు.

అడిగే తీరులోనే అంతా ఉంది. నా మొదటి క్యాంపెయిన్‌లో "మీకు ఎలాంటి లోకం కావాలి?" అని అడిగాను. అయిదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంత పెద్ద ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. సగం నువ్వు చెప్పి, సగం వాళ్లను అడగాలి. "మీ ఊరి చెరువు మూడేళ్లుగా నిండలేదు. ఎవరి వల్ల అని ఊళ్లో అనుకుంటున్నారు?" అను. "కట్ట మీద వేపచెట్టుకు ఒకే ఇంటివాళ్లు నీళ్లు పోస్తారు. ఎందుకు?" అను. ఊళ్లో పుట్టి పెరిగినవాడికి ఇలాంటి ప్రశ్న వేస్తే జవాబు నోట్లో సిద్ధంగా ఉంటుంది.

నా బల్ల దగ్గర ఒక అమ్మాయి ఉండేది, ఎనిమిది వారాలు పెదవి విప్పని పిల్ల. వాళ్లది తుగ్గలి వైపు. ఒక ఆదివారం ఆమె పాత్రను అడిగాను: "మీ ఊళ్లో తొలివాన పడిన మర్నాడు ఎవరూ నాగలి కట్టరు. ఏం చేస్తారు?" ఆ పిల్ల పెన్సిలు తీసుకుని పటం మీద ఎర్రగా ఒక గుండ్రం గీసింది. "తొలివాన పడ్డాక మూడు రోజులు పొలానికి యజమాని ఉండడు. ఎవరైనా దిగి రాయి వెతుక్కోవచ్చు. రాయి దొరికినవాళ్లు చీకటి పడేదాకా గుప్పిట తెరవకూడదు. తెరిస్తే అది గులకరాయి అవుతుంది" అంది. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాలు వెతకడం మనందరికీ తెలిసిందే. అందులోంచి ఆ గుప్పిట నియమాన్ని తీయడం మాత్రం ఆమెకే సాధ్యమైంది. నేను అప్పటికి ఒక కోట ముట్టడి సిద్ధం చేసి ఉంచాను. దాన్ని అటక మీద పెట్టేశాను. ఏడాదిన్నర పాటు మా కథ అంతా ఆ మూడు రోజుల చుట్టూ తిరిగింది. గుప్పిట మూసుకుని ఊరు దాటుతున్న ఒక ముసలాయన వెంట మేము పడిన పరుగు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఇచ్చింది తీసుకున్నాక దానికి కట్టుబడాలి. ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను. ఒక కుర్రవాడు తన ఊరికి ఒక బావులు తవ్వే తాతను ఇచ్చాడు. నేల మీద చెవి పెట్టి నీళ్లు ఎక్కడున్నాయో చెప్పే తాత. కథ కాస్త చప్పబడిందని, వాడిని ఒక్క మాట అడగకుండా, నేను ఆ తాతను దొంగల చేతిలో చంపించాను. అందరూ ఉలిక్కిపడ్డారు, నాకు సంబరం వేసింది. ఆ కుర్రవాడు తన ముందున్న ఇరవై ముఖాల పాచికను మెల్లగా తిప్పుతూ కూర్చున్నాడు. మరుసటి వారం రాలేదు. తర్వాత ఫోను చేస్తే, ఆ తాత వాళ్ల నాయన తండ్రి అని తెలిసింది. ఎవరు తెచ్చిన మనిషిని వాళ్లను అడగకుండా ముట్టుకోవద్దు. ఆపద తేవచ్చు, దూరం పంపవచ్చు, ప్రాణం తీసేముందు మాత్రం అడుగు.

దీనికంటే ముందు అడగవలసింది ఇంకొకటి ఉంది: ఈ బల్ల మీదికి ఏమి రాకూడదు? మన సీమలో ఈ ప్రశ్న మరీ అవసరం. సినిమాలు చూసి ఫ్యాక్షన్ అంటే ఉత్సాహపడేవాళ్లు ఉంటారు. వాళ్ల పక్కనే ఆ గొడవల్లో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాడు కూర్చుని ఉండవచ్చు, నోరు తెరిచి చెప్పకపోవచ్చు. అందుకే చీటీల మీద పేరు లేకుండా రాయించి, నువ్వు ఒక్కడివే చదువు. కారణం అడగకు. వద్దన్నది వద్దు, అంతే.

ఇద్దరి మాటలు పొసగనప్పుడు కంగారుపడకు. గుట్ట మీది బురుజు రాణి కట్టించిందని ఒకరు, దొంగలు కట్టారని ఇంకొకరు అన్నారనుకో, రెండూ రాసుకో. రెండు ఊళ్లు రెండు రకాలుగా చెప్పుకుంటాయి. నిజం ఏమిటో బురుజు దాకా వెళ్లినవాళ్లకు తెలుస్తుంది.

మరి నీకు మిగిలేది ఏమిటని అడుగుతావు. వాన ఎప్పుడు పడాలో, తలుపు ఎవరు తట్టాలో, ఊళ్లన్నిటినీ ఒకేసారి కదిలించే కబురు ఏ పూట రావాలో, అవి నీవే. ఎవరూ అడగని నాలుగు రహస్యాలు కూడా నీ దగ్గరే ఉంచుకో. అరవై పేజీల్లోంచి రెండు పేజీలు తీయి. నువ్వు గండికోట చూసి వేసిన ఆ లోయ నాకు బాగా నచ్చింది, దాన్ని ఉంచు. ఇవతలి గట్టు మీద ఒక ఊరు పెట్టి, నది అవతలి గట్టు తెల్లగా వదిలెయ్యి. మిగతావి పారవేయనక్కరలేదు. మీ ఊరికి దక్షిణాన ఏముందని ఎవరైనా అడిగిన రోజున పనికొస్తాయి.

మొదటి రోజు ఆట అయ్యాక పటం ఫొటో తీసి పంపు. ఏ గీత ఎవరు గీశారో పక్కన రాయడం మరిచిపోకు. నేను ముందు చూసేది అవతలి గట్టునే.

మీ అక్క