ముందు నిలబడే తీరు చూడు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటోలు రెండు రోజులుగా చూస్తున్నాను. సగం ఆడ, సగం మగ పోలికలు పెట్టిన తల, ఒంటినిండా చిన్న చిన్న ముఖాలు అతికించిన మొండెం, అద్దం ముక్కలు గుచ్చిన నిలువెత్తు బొమ్మ. మట్టి పని శుభ్రంగా ఉంది, చెయ్యి బాగా కుదిరింది. వాటితో పాటు రెండు పేజీల రాత కూడా పెట్టావు. అందులో ‘అస్తిత్వం’ అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను, ఈ వయసులో నాకు వేరే పనేముంది! బొమ్మ చెప్పలేకపోయింది కాబట్టి నువ్వు కాగితం మీద చెప్పాల్సి వచ్చిందని నాకనిపించింది.

మనిషి ఒకేలా ఉండడు, మారుతుంటాడు అని చూపించాలనుకునేవాళ్ళంతా ముందు ముఖం మీద పడతారు. ముఖం మీద ఏది పెట్టినా అది గుర్తయిపోతుంది. చూసేవాడు పొడుపుకథ విప్పినట్టు విప్పేసి, ‘ఓహో, ఇదా’ అనుకుని పక్క బొమ్మ దగ్గరికి పోతాడు. కానీ తెలిసినవాళ్ళు దూరం నుంచి నడిచొస్తుంటే ముఖం ఆనకముందే ఎవరో పోల్చేస్తాం కదా. దేన్ని చూసి? ఏ కాలి మీద బరువు వేస్తారో, ఏ భుజం వాలుస్తారో, మెడ ఎంత ముందుకు చాస్తారో చూసి. నీ పని అక్కడ మొదలవ్వాలి.

నా మాట విని ఒక నెల పాటు తలలు చెయ్యకు. చేతులూ వద్దు. జానెడు ఎత్తు మొండేలు, కాళ్ళు మాత్రం చెయ్యి. ఒకే మనిషిని రెండుసార్లు చెయ్యి: నలుగురి ముందు నిలబడినప్పుడు ఒకటి, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ఒకటి. బరువు కుడికాలి మీద పడితే కుడి తుంటి పైకి లేస్తుంది, కుడి భుజం కిందికి దిగుతుంది, మధ్యలో వెన్ను వంపు తిరుగుతుంది. దారానికి గుండు కట్టి గొంతు గుంట దగ్గర పట్టుకుంటే, అది బరువు మోసే కాలి చీలమండ దగ్గరికి దిగాలి. క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే గ్రీకు శిల్పి పోలిక్లీటస్ దీన్ని పూర్తిగా పట్టేశాడు. రెండు బొమ్మల్లో ఈ లెక్క ఎక్కడ మారిందో చూడు. మనిషి మారింది సరిగ్గా అక్కడే.

ఈ లెక్క తెలిశాక దాన్ని కావాలని తప్పొచ్చు కూడా. ఫ్రెంచ్ శిల్పి రోడాఁ చేసిన ‘నడిచే మనిషి’కి తలా లేదు, చేతులూ లేవు. నిజంగా నడిచేవాడి వెనక మడమ నేల మీంచి లేవాలి. రోడాఁ రెండు పాదాలూ నేలకు అంటించాడు. అడుగు వెయ్యకముందు, వేసిన తర్వాత, రెండు క్షణాలూ ఒకే ఒంట్లో ఉన్నాయన్నమాట. నువ్వు అద్దం ముక్కలతో చెయ్యబోయింది అతను రెండు అరికాళ్ళతో చేశాడు.

నా సంగతి ఒకటి చెప్తాను. యాభై దగ్గర పడుతున్నప్పుడు నా బొమ్మ నేనే చేసుకున్నాను, నిలువెత్తుది. చూసినవాళ్ళు బాగుందనేవారు, ‘కానీ నువ్వు కాదు’ అనేవారు. అప్పటికే నా కుడి మోకాలు పాడైంది. నేను మాత్రం పాతికేళ్ళ కుర్రాడిలా రెండు కాళ్ళ మీదా సమంగా నిలబెట్టాను. మా పనిలో సాయం చేసే కుర్రాడు ఒకరోజు నవ్వుతూ నాలా నిలబడి చూపించాడు: బరువంతా ఎడమకాలి మీద, కుడి అరచెయ్యి బల్ల అంచు మీద. నాకు కోపం వచ్చింది. రాత్రి అద్దం ముందు నిలబడి చూసుకుంటే వాడు చేసింది నిజమే.

మర్నాడు తీగతో బొమ్మ నడుము కోసి, ఎడమ తుంటి కింద చెక్క చీలిక పెట్టి వేలెడు పైకి లేపాను. మట్టి పట్టు తప్పి చంక దాకా బీట తీసింది. బీటలో కొత్త మట్టి కూరాను. పాత మట్టి అప్పటికే సగం ఆరింది, కొత్తది తడిది. తడిది ఎక్కువ కుంచించుకుపోతుంది కాబట్టి రెండు రోజులకే అదే గీత వెంట మళ్ళీ పగిలింది. నడుము పక్క నుంచి చంక దాకా సన్నగా పోయే ఆ గీతని చెరపకూడదనిపించి అలాగే ఉంచేశాను. అప్పట్నుంచి ఎవరూ ‘నువ్వు కాదు’ అనలేదు.

అందుకే చెప్తున్నా, ఆర్మేచర్‌ని, అంటే మట్టిని లోపల నిలబెట్టే లోహపు చట్రాన్ని, వెల్డింగ్ చేసి బిగించెయ్యకు. వంగే తీగతో కట్టు, రెండో ఆలోచనకు చోటుంటుంది. తడిగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ షీటు కప్పు. రోజూ పని ఆపేముందు ఒకే నాలుగు వైపుల నుంచి ఫొటో తీసి పెట్టుకో. బట్టీలో కాల్చేదైతే లోపల ఇనుము ఉండకూడదు, బొటనవేలి మందం మిగిల్చి లోపల తొలిచెయ్యాలి, ఇది నీకు తెలిసిందే.

మనిషి ఒంటి మీదే అచ్చు తియ్యాలని ఉందని రాశావు. తియ్యి, తప్పేం లేదు. 1877లో రోడాఁ మీద ఇదే నింద పడింది, బతికున్న మనిషి మీద అచ్చు తీశాడని. పాపం, తన చేత్తోనే చేశాడని నిరూపించుకోవడానికి నానా పాట్లూ పడ్డాడు. ఇప్పుడెవరూ అడగరు. కానీ అచ్చుకి చర్మం దొరుకుతుంది, మనిషి దొరకడు. పోసిన పదార్థం బరువుకి బుగ్గలు దిగిపోతాయి, కళ్ళు మూసే ఉండాలి, ఊపిరి బిగబట్టిన ముఖం శవంలా వస్తుంది. చర్మం మీద అల్జినేట్ వాడు, అదే, నీళ్ళలో కలిపితే మెత్తగా గట్టిపడే అచ్చు పొడి. చెయ్యి ఎప్పుడూ ప్లాస్టర్‌లో ముంచి ఉంచకు, గట్టిపడేటప్పుడు అది చర్మం కాల్చేంత వేడెక్కుతుంది.

అచ్చుతో ఏం చెయ్యొచ్చో జనీన్ ఆంటొనీ అనే కళాకారిణి 1993లో చూపించింది. తన తల, భుజాల అచ్చుతో చాక్లెట్‌వి ఏడు, సబ్బువి ఏడు పోత పోసింది. చాక్లెట్ వాటిని నాకింది, సబ్బు వాటితో స్నానం చేసింది. ముక్కు, పెదవులు అరిగిపోయాయి. అక్కడ మార్పు బొమ్మ మీద అతికించినది కాదు, బొమ్మకే జరిగింది. మన దేశపు శిల్పి మృణాళినీ ముఖర్జీ జనపనార తాళ్ళు ముడులు వేసి నిలబెట్టిన మూర్తుల్ని చూస్తే ఆడో మగో దేవతో చెట్టో తేల్చుకోలేం, ముడి ఎలా వేలాడితే ఒళ్ళు అలా ఉంటుంది. నీ మట్టి కూడా ఆరుతుంది, పగులుతుంది, నీళ్ళు తగిలితే కరుగుతుంది. పైన రంగు వేసి వాటిని కప్పెయ్యడం నాకు నచ్చలేదు.

ఇంకొకటి, నువ్వు పంపినవన్నీ ముందు వైపు ఫొటోలే. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో పాలరాతి ‘నిద్రపోతున్న హెర్మఫ్రొడైటస్’ ఉంది, గ్రీకు పురాణాల్లో ఆడా మగా రెండూ అయిన మూర్తి. పాత రోమన్ శిల్పం. దాని కింద ఉన్న పరుపు మాత్రం ఇటలీ శిల్పి బెర్నినీ 1620 ప్రాంతంలో చెక్కింది. వీపు వైపు నుంచి చూస్తే బోర్లా పడుకున్న అమ్మాయి. చుట్టూ తిరిగి అటు వైపుకి వస్తే రొమ్ముతో పాటు పురుషాంగమూ కనబడుతుంది. శిల్పం ఎక్కడా కదలలేదు, చూసేవాడు నాలుగడుగులు వేశాడంతే. కాగితం మీద బొమ్మలు గీసేవాళ్ళకి లేని ఈ సౌకర్యం మనకుంది, దాన్ని గోడకి ఆనించి పాడు చేసుకోకు.

మోడల్ గురించి ఒక్క మాట. తన ఒంటి గురించి తానే ఇంకా తేల్చుకోని మనిషి నీ ముందు నిలబడుతున్నారని రాశావు. ఇరవై నిమిషాలకోసారి విశ్రాంతి ఇవ్వు, పని ఎంతవరకు వచ్చిందో చూపించు, ఎలా పిలవాలో ముందే అడుగు. బొమ్మ ఎక్కడ పెట్టబోతున్నావో చెప్పి ఒప్పుకున్నాకే బయటికి తియ్యి. వాళ్ళు మధ్యలో వద్దంటే మట్టి మళ్ళీ తొట్టిలో వేసెయ్యి. నాకూ ఒకసారి అలా జరిగింది, మూడు వారాల పని. బాధేసింది, కానీ అడిగిన మనిషిది న్యాయమే.

అద్దాల బొమ్మకి ఆ ముక్కలన్నీ పీకెయ్యి. వాటి కింద మంచి వెన్ను ఒకటి చేశావని నాకు అనుమానంగా ఉంది. ఈసారి వెనక నుంచి తీసిన ఫొటో పంపు, పాదాలు కనబడేలా.

మీ బాబాయి