పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: చిలకమర్తి లక్ష్మీనరసింహం గారికి చూపు లేదంటారు. మరి అన్ని నవలలు ఎలా రాశారు? పత్రిక కూడా నడిపారట, నిజమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, నరసాపురం

జవాబు: నిజమేనమ్మా. ఆయన పుట్టింది మీకు దగ్గర్లోని ఖండవల్లిలోనే, 1867లో. చిన్నప్పుడు రేచీకటి, తర్వాత చూపు పూర్తిగా పోయింది. ఆయన చెబుతుంటే పక్కనున్నవాళ్లు రాసేవారు. స్వీయచరిత్ర కూడా అలా చెప్పి రాయించిందే. అదెంత కష్టమో నాకు కంటి ఆపరేషన్ అయిన నెలలో తెలిసింది. ఈ శీర్షిక మా మనవరాలికి చెప్పి రాయించాను. "తాతయ్యా, ఆగు, ఇందాక చెప్పిన వాక్యం ఏమైంది?" అని అది అడిగేసరికి నాకే గుర్తుండేది కాదు! ఆయనేమో చారిత్రక నవల 'హేమలత' రాసి 'చింతామణి' పత్రిక పోటీలో బహుమతి కొట్టారు. రాజపుత్రుల చరిత్ర మీద బ్రిటిష్ అధికారి జేమ్స్ టాడ్ రాసిన పుస్తకం ఆధారంగా 'రాజస్థాన కథావళి' రాశారు. 'మనోరమ', 'దేశమాత' పత్రికలు నడిపారు. 1907లో రాజమండ్రిలో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ సభలో దేశాన్ని పాడియావుతో పోలుస్తూ ఆశువుగా పద్యం చెప్పారు.

నన్నడిగితే మాత్రం ముందు ఆయన హాస్య నవల 'గణపతి' చదువు. రాజపుత్రుల సంగతి తర్వాత చూసుకోవచ్చు. 'గణపతి'లో మన గోదావరి వెటకారం ఉంది.